కాయలోని పురుగు, నెత్తుటిలోని కొడవలి

కాజీపేటనుండి బెజవాడకు పోవు రైలుమార్గమున ఖమ్మము దాటి మధిర చేరకమునుపే తగులు బోనకల్ స్టేషనులో దిగి ఏ దిక్కునకు నడచినను, నాగార్జునసాగరు ఎడమకాలువకు చెంది ఈ యూరి పేరనే బోనకల్ బ్రాంచి కాలువయని వ్యవహరింపబడు పాయ తడుపు చేలు కానవచ్చును; వరియు మొక్కజొన్నయు ఉన్నను, అప్పునకును ఆశకును ఆలవాలమైన పంటలు మాత్రము రెండే, పత్తియు మిరపయు. ఇక్కడినుండి ఈశాన్యముగా కొత్తగూడెము మీదుగా పోయినచో నల్లరేగడి తరిగి, తునికి, ఇప్ప, టేకు చెట్ల నీడ చిక్కనై, కిన్నెరసాని దాటి గోదావరి యొడ్డున భద్రాచలమువఱకు కోయల పల్లెలు, కొండరెడ్ల గూడెములు చెదరియున్న మన్యము వచ్చును. జన్యుశాస్త్రమును జీవావరణశాస్త్రమును క్రొత్తగా నేర్వగోరువారికి ఈ మైదానమునకును ఆ మన్యమునకును నడుమ గల దారికంటె మంచి పాఠశాల వేఱొకటి లేదని నా నమ్మకము. ఎందుచేతననగా, మైదానములోని యొక పురుగును, మన్యములోని యొక వ్యాధియు ఒకే సంగతిని చెప్పుచున్నవి: ఒక జన్యువు మేలు చేయునా కీడు చేయునా యని జన్యువును మాత్రమే పరీక్షించి తేల్చుట సాధ్యము కాదు, అది యున్న తావును గూడ విచారింపవలెను.

జన్యువనగా నేమి? దేహము ఎట్లు నిర్మింపబడవలెనో, ఏ కణము ఏ పదార్థమును ఎప్పుడు తయారుచేయవలెనో తెలుపు సూచన. ఈ సూచనలు డీఎన్ఏ యను సన్నని పొడవైన తంతువుపై నాలుగే నాలుగు రసాయనాక్షరముల వరుసగా లిఖింపబడి, క్రోమోజోములుగా చుట్టుకొని, కణకేంద్రములో నుండును. తల్లినుండి ఒక ప్రతి, తండ్రినుండి ఒక ప్రతి, ఇట్లు దాదాపు ప్రతి సూచనకును రెండేసి ప్రతులు మనకు సంక్రమించును. మనము మన బిడ్డకు ఆ రెండింటిలో ఏదో యొకదానినే, అదియు మన యిచ్ఛతో నిమిత్తము లేకుండ, అందింతుము. ఇక జీవావరణమనగా ఆ ప్రాణి యెచ్చట నివసించుచున్నది, దేనిని తినుచున్నది, దానిని తినునది యేది, ఏ నీరు, ఏ ఋతువు దానికి అనుకూలము అను సంబంధముల యల్లిక.

చిత్రమేమనగా, ఈ రెండు శాస్త్రములకును ఒకే సంవత్సరము ప్రారంభము. 1866లో బ్రున్ పట్టణమునందలి మఠమున సన్న్యాసియైన గ్రెగర్ మెండెల్ బఠానీ మొక్కలపై తాను ఏండ్ల తరబడి జరిపిన ప్రయోగముల ఫలితములను అచ్చువేయించెను. ఆ సంవత్సరముననే జర్మనీలో ఎర్నెస్ట్ హెకెల్ అను జీవశాస్త్రజ్ఞుడు, ప్రాణికిని దాని పరిసరమునకును గల సంబంధములను విచారించు శాస్త్రమునకు పేరు పెట్టెను. మెండెల్ వ్రాతను 1900 వఱకు పట్టించుకొన్నవారు మిక్కిలి యరుదు. కవలలుగా పుట్టిన యీ శాస్త్రములు పెంపకములో వేఱుపడి, ఒకటి సూక్ష్మదర్శినుల నడుమ గదులలోనికిని, రెండవది చెరువు గట్లకును అడవులకును వెడలిపోయినవి. ఆ యెడబాటునకు మన పత్తిరైతు చెల్లించిన మూల్యమే ఈ కథనములోని మొదటి సగము.

గింజ కట్టుకొనుట ఎందుకు మానినాము?

తాతల నాడు పత్తి గింజను గాని, మిరప గింజను గాని దుకాణములో కొనుట యన్నది లేదు. మంచి చెట్టు చూచి, మంచి కాయ యేరి, గింజ కట్టుకొని, బూడిద కలిపి దాచి, మరుసటి తొలకరికి అదియే విత్తెడివారు. ఇప్పుడట్లు చేసినచో మొదటి యేట ఏకరీతిగా నిలిచిన చేను రెండవ యేట పొట్టియు పొడుగుగా, కాపు కొన్నింటికుండి కొన్నింటికి లేక, చెదరిపోవును. కంపెనీవాడు గింజలో ఏదో మందు పెట్టినాడని కొందఱు అనుకొందురు. పెట్టినది మందు కాదు. అది మెండెల్ కనుగొన్న ప్రకృతినియమమే.

ఊదాపూల బఠానీని తెల్లపూల బఠానీతో సంకరపఱచినప్పుడు మెండెల్ తోటలో తొలితరమునందు అన్నియు ఊదాపూలే పూచినవి. తెలుపు నశించినదని తొందరపడి తీర్మానింపక, ఆయన ఆ మొక్కలను తమలో తామే పరాగసంపర్కము చెందనిచ్చి, రెండవ తరమును లెక్కించెను: 705 మొక్కలకు ఊదాపూలు, 224 మొక్కలకు తెల్లపూలు. అనగా సుమారు మూడింటికి ఒకటి చొప్పున తెలుపు తిరిగి ప్రత్యక్షమైనది. పైకి కనబడు లక్షణమును బహిర్గతమనియు, దాగియుండి తగిన జత దొరికినపుడే వెలికివచ్చు లక్షణమును అంతర్గతమనియు అందుము. సంకర విత్తనపు తొలితరములో ప్రతి మొక్కయందును ఒక ప్రతి తల్లి వంగడముది, ఒక ప్రతి తండ్రి వంగడముది యగుటచేత చేను ఒక్క తీరుగా నుండును. రెండవ తరములో ఆ ప్రతులు విడివడి క్రొత్త జతలుగా కూడుకొనుటచేత ఆ యైకరూప్యము చెదరును. రైతు ప్రతి జూన్ నెలలోను దుకాణమునకు తిరిగి పోక తప్పని స్థితికి మూలము ఇదియే. విత్తన వ్యాపారమునకు ఇంతకంటె లాభకరమైన ప్రకృతినియమము మఱొకటి లేదు.

పత్తిలో వ్యాపారసరళిని సంకర విత్తనమును ప్రపంచమున మొట్టమొదట సాగుచేసిన దేశము మనదే. 1970లో సూరతులోని పరిశోధనా కేంద్రమునుండి సి. టి. పటేల్ వెలువరించిన హైబ్రిడ్-4 అందుకు నాంది. తక్కిన పత్తి దేశములు అధికభాగము సూటిరకములనే, అనగా గింజ కట్టుకొన్నను గుణము మాఱని రకములనే, విత్తుచుండగా, మన నేలపై సంకరములే సర్వత్ర వ్యాపించినవి. ఈ వ్యత్యాసమును పాఠకులు గుర్తుంచుకొందురు గాక. పురుగు కథలో ఇది మరల వచ్చును.

1997-98లో ఓరుగల్లు ప్రాంతమున శనగపచ్చ మొదలగు పురుగులు పత్తిని ఊడ్చివేసి, ఏ మందు కొట్టినను చావక, రైతుల ప్రాణములనే బలిగొన్న యేడు ఖమ్మము జిల్లావారికిని మఱపురానిది. ఆ నేపథ్యమునందే బీటీ పత్తి వచ్చినది. 1901లో జపానులో ఇషివాటా యను శాస్త్రజ్ఞుడు పట్టుపురుగులను చంపుచున్న యొక బాక్టీరియాను కనుగొనెను. పది సంవత్సరముల పిదప జర్మనీలోని థురింగియా ప్రాంతమున పిండిపురుగుల తెగుళ్లను పరిశీలించుచు బెర్లినర్ అట్టిదానినే కనుగొని, ఆ ప్రాంతపు పేరే కలిపి బాసిల్లస్ థురింజియెన్సిస్, క్లుప్తముగా బీటీ, అని దానికి పేరు పెట్టెను. ఆ సూక్ష్మజీవి తయారుచేయు స్ఫటికరూపమైన ప్రోటీను, గొంగళిపురుగు ప్రేగులలోని క్షారద్రవములో కరగి, ప్రేగుగోడకు అంటుకొని, దానిని ఛిద్రము చేయును. మనుష్యుని ప్రేగులలో ఆ ప్రోటీను పట్టుకొనుటకు తగిన తావు లేదు. ఆ ప్రోటీనును తయారుచేయు జన్యువును బాక్టీరియానుండి తీసి పత్తిలో చేర్చిన సంకరములకు మన ప్రభుత్వము 2002 మార్చిలో అనుమతి యిచ్చెను. 2006లో రెండు విషజన్యువులు గల బీజీ-2 వచ్చినది. కొన్ని యేండ్లు శనగపచ్చ పురుగు బాధ తీరినది, దానికై కొట్టు మందులు తగ్గినవి. ఆ మాట ఒప్పుకొనకపోవుట అన్యాయము.

అటుపిమ్మట కాయలోపలినుండి గులాబీరంగు పురుగు తలయెత్తినది. 2010 నాటికి గుజరాతులో మొదటి విషమునకు అది లొంగుట లేదని రుజువైనది. మఱి నాలుగైదేండ్లకు రెండవ విషమునకు గూడ లొంగకపోయినది. మన జిల్లాలలో పూరేకులు విచ్చుకొనక ముడుచుకొని గుడ్డిపూలుగా మారుట, పైకి నిగనిగలాడు కాయను చీల్చినచో గింజలు తొలిచి, దూది కఱపట్టి యుండుట రైతులకు నిత్యానుభవమైనది.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఒకే చేలో, అవే విషములను తినిన రెండు పురుగులలో శనగపచ్చ పురుగు లొంగియుండగా, గులాబీరంగు పురుగు మాత్రమే ఎట్లు తప్పించుకొన్నది? విషము సంగతి యెంత తెలిసినను దీనికి సమాధానము దొరకదు. పురుగు యేమి తినునో అడుగవలెను. శనగపచ్చ పురుగు సర్వభక్షకి; కంది, శనగ, టమాట, మిరప, గట్లపై కలుపుమొక్కలు, అన్నియు దానికి ఆహారమే. కావున పత్తిలో విషమున్నను, బోనకల్ కందిచేలలో విషమెఱుగని పురుగులు లక్షలుగా పెరుగుచునే యుండును. గులాబీరంగు పురుగునకో పత్తియే దాదాపు సర్వస్వము. పత్తి యంతయు బీటీయైన నాడు దాని లోకమంతయు విషమైనది.

విషమయమైన లోకములో ఏమి జరుగును? ఏ జీవరాశిలోనైనను తరము మాఱునపుడు జన్యుప్రతి తీయుటలో అక్కడక్కడ అక్షరదోషములు దొరలును, వీనినే ఉత్పరివర్తనములందురు. అత్యధికము నిష్ఫలములు. కోట్ల పురుగులలో ఏ యొకటి రెండింటికో విషము ప్రేగుగోడకు అంటుకొనకుండ చేయు దోషము కలిగినదనుకొందము. సాధారణముగా ఈ తట్టుకొను గుణము అంతర్గతము: ఒక్క ప్రతి యున్న పురుగు చచ్చును, రెండు ప్రతులున్నదే బ్రదుకును. బ్రదికిన ఆ యొక్కదాని చుట్టును విషమెఱుగని పురుగులు వేలుగా నున్నచో, అది వానిలో ఒకదానితోనే జతకట్టును; పిల్లలకు ఒక్క ప్రతియే సంక్రమించును; బీటీ కాయ కొఱికినంతనే అవి చచ్చును. చుట్టును ఏమియు లేనిచో, బ్రదికినదానికి బ్రదికినదే జత. పిల్లలందఱికిని రెండు ప్రతులు. డార్విన్ చెప్పిన ప్రకృతివరణమునకు యుగములు కావలెనని మనము తలంతుము. మన చేలలో దానికి పదిపదునైదు పంటకాలములు చాలినవి.

అందుచేతనే 450 గ్రాముల బీటీ విత్తనపు ప్యాకెట్టుతోపాటు 120 గ్రాముల బీటీ లేని గింజల పొట్లము నొకదాని నిచ్చి, చేను చుట్టును ఐదు వరుసలు గాని, ఐదవ వంతు నేలలో గాని విత్తవలెనని నియమము పెట్టిరి. ఊళ్లలో దానిని రెఫ్యూజీ గింజలందురు. ఆ పొట్లమును గట్టు మీద పారవేసినవారే యెక్కువ. "పురుగుకు మేత నా చేలో నేనెందుకు వెయ్యాలయ్యా?" అన్న రైతు ప్రశ్నకు ఆ పొట్లము మీది సన్నని అక్షరములు జవాబు చెప్పలేదు, చెప్పవలసినవారు ఊళ్లకు వచ్చి చెప్పలేదు. పైగా ఆ గింజలు సరిగా మొలవవనియు, బీటీతో ఏకకాలమున పూతకు రావనియు ఫిర్యాదులుండెను. తప్పంతయు రైతుపై మోపువారితో నేను ఏకీభవింపజాలను.

సంకర విత్తనము కథలో మరల వచ్చునంటిని. మన బీటీ పత్తి సంకరమగుటచేత దానిలో ప్రతి విషజన్యువుకును ఒక్క ప్రతియే యున్నది. రెండవ వంగడమునుండి వచ్చిన ప్రతి ఖాళీ. ఆకులలో రెండు విషములును ఉండును గాని, కాయలోని గింజలు రెండవ తరము. మెండెల్ నియమము అక్కడ తప్పక వర్తించును: పదునాఱు గింజలలో సగటున తొమ్మిదింట రెండు విషములును, మూడింట మొదటిది మాత్రమే, మఱి మూడింట రెండవది మాత్రమే యుండగా, ఒక్క గింజలో ఏదియు నుండదు. గులాబీరంగు పురుగు తినునదియో గింజనే. ఒకే కాయలో నిండు విషము, సగము విషము, విషశూన్యము అన్నియు దానికి లభించుటచేత, సగము తట్టుకొనగల పురుగు గూడ ఏదో యొక గింజ నాశ్రయించి బ్రదికి, సంతానమును వృద్ధిచేసినది. ఇట్టి యేర్పాటు మన దేశములో వలె మఱెచ్చటను ఇంత విస్తారముగా లేదు.

ఇదే మెండెల్ నియమము చైనాలోని యాంగ్జీ నదీలోయలో రైతును కాపాడినదనుట వింతగా తోచవచ్చును. అక్కడివారు బీటీ రకమును బీటీ లేని రకముతో సంకరపఱచి, ఖర్చు తగ్గునను ఆశతో, ఆ సంకరముయొక్క రెండవ తరపు గింజలనే చౌకగా విత్తిరి. నాలుగింట మూడు మొక్కలకు విషమున్నది, ఒకదానికి లేదు. ఎవరును ప్రత్యేకముగా రెఫ్యూజీ వరుసలు వేయకున్నను, ప్రతి చేలోను నాలుగవ వంతు మొక్కలు విషమెఱుగని పురుగులను పెంచినవి. పురుగుల నిరోధశక్తి పెరుగుట ఆగి, వెనుకకు మళ్లినది. మన దేశములో విషము కాయలోపల గింజకును గింజకును మాఱినది, అక్కడ మొక్కకును మొక్కకును మాఱినది, భేదమంతే. అమెరికాలో 1917లో టెక్సాసులో ప్రవేశించిన యీ పురుగును బీటీ పత్తి, వంధ్యములుగా చేయబడిన మగపురుగుల విడుదల, లింగాకర్షకములు, మోళ్లు దున్నివేయుట, ఇవన్నియు కలిపి నిర్వహించి, 2018లో వాణిజ్య పత్తి ప్రాంతములనుండి నిర్మూలించినట్లు ప్రకటించిరి. జన్యువు ఒక్కటే అక్కడను ఆ పని చేయలేదు.

మనమో, కాలువ నీరు వచ్చుచున్నదికదా యని, మఱి రెండు క్వింటాళ్ల కాశపడి, ఫిబ్రవరి మార్చి వఱకు చేను నిలుపుకొందుము. పత్తి కట్టె ఇంటి వెనుక వామిగా పేర్చుకొందుము. ఎండిన కాయలోని గింజలో ఆ పురుగు నిద్రావస్థలో పడియుండి, తొలకరికి లేచును.

ఎఱ్ఱని పంట, నల్లని పురుగు

మిరప సంగతి ఇంత విస్తరింప నవసరము లేదు. 2015లో బెంగుళూరు వద్ద బొప్పాయిపై తొలిసారిగా గుర్తింపబడిన నల్ల తామరపురుగు ఆగ్నేయాసియానుండి వచ్చినది. 2021లో అది ఆంధ్ర, తెలంగాణ మిరపతోటలలో పడి, పూవులో దూరి, పూత రాల్చి, ఖమ్మము మిర్చి యార్డుకు చేరవలసిన పంటను తోటలోనే మాడ్చినది. క్రొత్త నేలకు వచ్చిన జీవికి తన పుట్టినచోటనున్న శత్రువులు వెంటరావు. అది విజృంభించుటకు కారణములలో ఇది ముఖ్యము. రెండవ కారణము మనము కల్పించుకొన్నది.

1942లో రేమండ్ లిండెమన్ అను యువశాస్త్రజ్ఞుడు ఒక సరస్సును పరిశీలించి తెలిపిన లెక్కను స్థూలముగా చెప్పవలెనన్న, ఆకులో వేయి పాళ్ల శక్తి యున్నచో దానిని తిను పురుగునకు దక్కునది నూరు పాళ్లు, ఆ పురుగును తిను పురుగునకు పది. మిగిలినది ప్రతి మెట్టునను వేడిమిగా వ్యర్థమగును. అందుచేత వేటాడు జీవులు ఎల్లప్పుడును వేటాడబడువానికంటె కొలదిగా నుండును, సామాన్యముగా మెల్లగా పెరుగును. కిన్నెరసాని యడవిలో దుప్పులు మందలుగా కనబడి పులి యేల కనబడదో, మిరపతోటలో తామరపురుగులు వేలుగా నుండి అక్షింతల పురుగులు పదుల సంఖ్యలో ఏల యుండునో, రెండింటికిని కారణ మొక్కటే. దినము విడిచి దినము మందు కొట్టినచో రెండును చచ్చును. తిరిగి ముందుగా లేచునది తామరపురుగే. మిత్రులు కోలుకొనులోపల అది రెండు మూడు తరములు పెరిగియుండును. ఈ లెక్క తెలియక కొట్టిన మందులతో తోట నిలువలేదు, దుకాణము బాకీ నిలిచినది.

మన్యపు నెత్తురు

ఇక అడవిలోనికి పోవుదము. వేసవి యారంభమున ఇప్పచెట్టు ఆకు రాల్చి పూచును; రాత్రివేళ గబ్బిలములు వచ్చి పరాగమును మోయును; వేకువకు రాలిన తీయని పూవులకై ఎలుగుబంట్లును, గంపలతో కోయ స్త్రీలును ఒకే చెట్టు క్రిందికి వత్తురు. ఇట్టి సంబంధములను వర్ణించుచు ఎన్ని పుటలైనను నింపవచ్చును గాని, నాకు ముఖ్యమైనది కంటికి కనబడని సంబంధ మొకటి: మనుష్యుడు, దోమ, మలేరియా పరాన్నజీవి.

ఈ మూడింటి కూడికను 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి కనుగొనెను. ఆ దోమల జాతులును ఆయా తావులను బట్టి వేఱు. మైదానపు కాలువలలో, మడుగులలో పెరుగునది యొకటి, మన్యపు కొండవాగుల అంచులలో పెరుగునది యొకటి. తరతరములుగా గోదావరి మన్యమును పీడించిన జ్వరమునకు ఆ వాగులే పుట్టిల్లు. పరాన్నజీవి నెత్తుటిలోని ఎఱ్ఱకణములో ప్రవేశించి, పెరిగి, దానిని పగులగొట్టి వెలువడును. పసిబిడ్డలకు ఫాల్సిపారమను రకము ప్రాణాంతకము.

ఆ యెఱ్ఱకణమునకే చెందిన మఱొక వ్యాధి కథ వేఱొక చోట మొదలైనది. 1910లో చికాగోలో వైద్యుడు జేమ్స్ హెరిక్, గ్రెనడా ద్వీపమునుండి చదువుకొనవచ్చిన యొక యువకుని నెత్తుటిలో కొడవలివలె వంగిన కణములను వర్ణించెను. 1949లో లైనస్ పాలింగ్ బృందము దోషము హీమోగ్లోబిను అణువులోనే యున్నదని చూపెను. 1956-57లో వెర్నన్ ఇంగ్రామ్ ఆ దోషమెంత స్వల్పమో తేల్చెను: హీమోగ్లోబినులోని బీటా గొలుసునందలి 146 అమైనో ఆమ్లములలో ఆఱవదైన గ్లుటామిక్ ఆమ్లమునకు మాఱుగా వాలీన్, అంతే. డీఎన్ఏలో ఒక్క అక్షరము తప్పు. ఆ ఒక్క అక్షరముచేత ఆమ్లజని తగ్గినపుడు హీమోగ్లోబిను అణువులు ఒకదానికొకటి అంటుకొని కడ్డీలై, కణమును వంచివేయును. వంగిన కణములు సన్నని నాళములలో చిక్కుకొని, కీళ్లలో, ఎముకలలో, కడుపులో భరింపరాని నొప్పి కలిగించును. నూటయిరువది దినములు బ్రదుకవలసిన కణము పది యిరువది దినములకే నశించి, బిడ్డ పాలిపోవును. 1952లో నీలగిరి గిరిజనులలో ఈ లక్షణమున్నట్లు తొలిసారిగా మన దేశములో కనుగొనిరి. పిమ్మట మధ్యభారతమునందలి యనేక గిరిజన జాతులలోను, మన గోదావరి మన్యమునందును కానవచ్చినది.

ఇంతటి కీడు చేయు జన్యువును ప్రకృతివరణము ఎన్నడో యేరివేయవలసియుండెను. ఏల యేరివేయలేదు? 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలోని పరిశీలనలతో సమాధానము చెప్పెను: ఒక్క ప్రతి గలవారికి ఫాల్సిపారమ్ మలేరియా తీవ్రరూపము దాల్చుట చాల తక్కువ. పరాన్నజీవి ప్రవేశించిన కణము వీరిలో ముందుగా వంగి, ప్లీహముచేత తొలగింపబడుట అందుకు చెప్పబడు ముఖ్యకారణములలో నొకటి. కావున జ్వరపు నేలలో రెండును మామూలు ప్రతులైనవారిని మలేరియా, రెండును కొడవలి ప్రతులైనవారిని వ్యాధి కబళింపగా, ఒక్క ప్రతి గలవారే యెక్కువగా బ్రదికి బిడ్డలను కనిరి. జ్వరము లేని నేలలో ఈ జన్యువు వట్టి దోషము. అక్షరము మాఱలేదు, చుట్టునున్న వాగు మాఱినది, దోమ మాఱినది. మన్యములో మలేరియా తగ్గుచున్నకొలది ఆ రక్షణకు ప్రయోజనము తగ్గుచున్నది గాని, జన్యువు మాత్రము తరములపాటు నెత్తుటిలో నిలిచియుండును.

మలేరియాకును ఎఱ్ఱకణములకును గల ఈ బంధుత్వమును తలసీమియా యను నెత్తుటి వ్యాధి విషయమున 1949లోనే ఊహించినవాడు ఆంగ్లేయ జన్యుశాస్త్రజ్ఞుడు జె. బి. యస్. హాల్డేన్. ఆ మహనీయునికి తెలుగువారితో గల సంబంధము మనవారికి అంతగా తెలియదు. 1957లో భారతదేశమునకు వచ్చి, ఈ దేశపు పౌరసత్వము స్వీకరించి, 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరములో మరణించిన ఆయన తన దేహమును వైద్యవిద్యార్థులకొఱకు కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు సమర్పించెను. ఆయన శిష్యుడు, పిఠాపురములో జన్మించిన కృష్ణ ద్రోణంరాజు, 1960వ దశకములో మీరాఖాన్‌తో కలసి ఆంధ్రదేశపు మేనరికములను లెక్కించి పరిశీలించెను. మేనరికములో కీడు ఎక్కడనున్నది? కొడవలి జన్యువువంటి అంతర్గత దోషములు జతకూడినపుడే పీడించును. మేనమామకును మేనకోడలికిని జన్యువులలో సగటున నాలుగవ వంతు, మేనత్తమేనమామ బిడ్డలకు ఎనిమిదవ వంతు ఉమ్మడి. ఒకే పూర్వికునినుండి వచ్చిన ఒకే దోషము ఇద్దఱియందును ఉండు అవకాశము బయటి సంబంధముకంటె హెచ్చు. దోషము లేని కుటుంబములో మేనరికము వ్యాధిని పుట్టింపదు; ఉన్నదానిని కలుపును. ఆ మాత్రమునకే మేనరికమును నిందించుచు గిరిజనులకును పల్లెవాసులకును ఉపన్యాసము లిచ్చువారికంటె, నెత్తురు పరీక్షించి నిజము చెప్పువారు మేలు.

ఆ లెక్క మెండెల్ బఠానీల లెక్కయే. దంపతులిద్దఱికిని ఒక్కొక్క ప్రతి యున్నచో, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒకటి, తల్లిదండ్రులవలె వాహకమగు అవకాశము నాలుగింట రెండు, ఏమియు సంక్రమింపని యవకాశము నాలుగింట ఒకటి. మొదటి బిడ్డ వ్యాధిగ్రస్తుడైనాడు గనుక తరువాతి ముగ్గురికిని భయము లేదనుకొనుట పొరపాటు. ప్రతి కాన్పుకును లెక్క మొదటినుండి ఆరంభమగును. ఒకరికి ప్రతి యుండి రెండవవారికి లేనిచో సాధారణముగా ఏ బిడ్డకును ఈ వ్యాధి రాదు. ఇందులో వాహకునకు అపకీర్తి ఏమియు లేదు.

2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశములోని షహడోలులో ఆరంభమైన జాతీయ కార్యక్రమము, తెలంగాణ, ఆంధ్రములతో సహా పదునేడు రాష్ట్రములలో నలువది యేండ్లలోపు ఏడుకోట్ల మందికి కొడవలికణ పరీక్ష చేసి, 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండ చేయవలెనని సంకల్పించినది. వేలికొననుండి తీసిన ఒక్క చుక్క నెత్తురుతో ప్రాథమిక పరీక్ష ముగియును. అనుమానమున్నచో ప్రయోగశాలలో నిర్ధారింతురు. మన్యములో బంధువులున్నవారును, అచ్చటినుండి వలసవచ్చి మైదానములో స్థిరపడినవారును, పెండ్లిమాటలు ముదరకమునుపే ఈ పరీక్షను చేయించుకొని, ఫలితపు కార్డును జాతకముతోపాటు ఎదుటివారికి చూపుడు. పత్తిరైతులు, రెఫ్యూజీ గింజలు వేఱుగా దొరకినచో వానిని విత్తి, జనవరి రాకమునుపే చేను తీసివేసి, కట్టెను ఇంటి వెనుక పేర్చక, ముక్కలు చేసి నేలలో కలియదున్నుడు.